సీజన్ నడిమధ్య కొత్త సాఫ్ట్‌వేర్ వద్దని యజమానికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వివరాలు, బ్యాంకు కాగితాలు అన్నీ ఎక్సెల్‌లోనే చేసుకుంటూ వచ్చాను. మా యజమాని గారి అబ్బాయి చదువు ముగించుకుని వచ్చాక, కాయ కొన్నప్పటి నుంచి కంటైనరు ఎక్కించేదాకా అంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలని బెంగళూరు కంపెనీ ఒకదానితో మాట్లాడారు. “కాగితాలన్నీ నీకే తెలుసు కదమ్మా” అని ప్రాజెక్టు నా మీద పెట్టారు. నేను చదివింది బీకాం. వాళ్ళు 140 పేజీల డాక్యుమెంటు పంపి సంతకం పెట్టమంటున్నారు, జూన్ 1న మొదలుపెట్టేద్దామంటున్నారు. అకౌంట్స్ చూసే పెద్దాయన ట్యాలీ వదలనంటారు, మారితే గిరితే ఏప్రిల్ 1నే మారాలంటారు. చెన్నైలో మా సీహెచ్‌ఏ (కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) “మీరేం మార్చుకున్నా నాకు పాత ఎక్సెలే పంపండి” అంటున్నారు. యజమాని గారి డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ కూడా సాఫ్ట్‌వేర్ వాళ్ళు అడుగుతున్నారు. ఒక్క కంటైనరు ఆగినా మాట నా మీదికే వస్తుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ పని నేను చేయగలనా? జీతం సంగతి అడగవచ్చా?
(పేరు వద్దన్నారు, చిత్తూరు జిల్లా)

సమాధానం: చేయగలరు. జూన్ 1న మాత్రం కాదు.

జూన్‌లో మీ జిల్లా రోడ్ల మీద ఒక్కరోజు తిరిగినవాళ్ళెవరూ ఆ తేదీ రాయరు. తోతాపురి దిగేది అప్పుడే. గేటు బయట ట్రాక్టర్ల వరుస, లోపల రాత్రింబవళ్ళు షిఫ్టులు, వేబ్రిడ్జి దగ్గర కేకలు. ఆ కొద్ది వారాల్లో తీసిన గుజ్జే మీరు ఏడాది పొడవునా అమ్ముకునేది. అలాంటప్పుడు తూకం వేసే కుర్రాడి చేతిలోంచి నోటు పుస్తకం లాక్కుని స్క్రీన్ పెడితే, మధ్యాహ్నానికల్లా అతను చిత్తు కాగితాల మీద రాయడం మొదలుపెడతాడు. సీజన్ అయ్యాక ఆ కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేది ఎవరో మీకు తెలుసు.

యజమానికి ఈ మాట చెప్పడానికి జంకవద్దు. అయితే “భయంగా ఉంది సార్” అనకండి. భయం అంటే ట్రైనింగ్ ఇప్పిస్తాం అంటారు. డబ్బు లెక్కలో చెప్పండి. 215 కిలోల డ్రమ్ములు 80 పట్టే ఒక్క కంటైనరంటే 17 టన్నుల పైచిలుకు సరుకు. అది చెన్నై పోర్టులో ఒక వారం ఆగితే డెమరేజీ (ఆగినందుకు కట్టే రుసుము) ఎంత, ఓడ తప్పితే ఎంత, కొనేవాళ్ళు ధర తగ్గించమంటే ఎంత అని మీ పాత ఫైళ్ళలోంచి తీసి ఒక కాగితం మీద పెట్టండి. సాఫ్ట్‌వేర్ మూడు నెలలు ఆలస్యమైతే పోయేదెంతో పక్కనే రాయండి. ఆ రెండు అంకెలు చూశాక ఆయనే తేదీ మారుస్తారు.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? మామిడి అయిపోయి జామ, బొప్పాయి, టమాటా లాంటివి నడిచే రోజుల్లో. సెప్టెంబరు అనుకోండి. అది కూడా ఒక సరుకు, ఒక కొనుగోలుదారు, ఒక పోర్టుతోనే. అది సాఫీగా రెండు మూడు కంటైనర్లు నడిచాక మామిడి స్టాకు మీదికి రండి.

ఇక్కడ మీ అకౌంట్స్ పెద్దాయన అడ్డం తిరుగుతారు కదా, ఏప్రిల్ 1 అని. ఆయన మాటలో సగం నిజం ఉంది. లెడ్జర్లు, ఓపెనింగ్ బ్యాలెన్సులు సంవత్సరం మధ్యలో మార్చడం తలనొప్పే. అందుకని లెడ్జర్లు మార్చి 31 దాకా ట్యాలీలోనే ఉంచండి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బ్యాచ్ వివరాలు మాత్రం ముందు కొత్తదానిలోకి రానివ్వండి. ఇన్‌వాయిస్ నంబర్ల కోసం ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు. ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవడానికి జీఎస్టీ నియమాలు ఒప్పుకుంటాయి. పాత సిరీస్ చివరి నంబరు ఏదో ఒక కాగితం మీద రాసి ఆయన చేతే సంతకం పెట్టించండి, కొత్త సిరీస్ ముందక్షరాలు కూడా ఆయన్నే పెట్టమనండి. పెద్దాయన పంతం ట్యాలీ మీద కాదని నా అనుమానం. తన చేతిలో ఉన్న పని తనని అడక్కుండా లాక్కుంటున్నారని. పెత్తనం ఆయనకే వదిలితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక అసలు విషయం. దుకాణంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే తర్వాతి బిల్లులో సర్దుకోవచ్చు. మీరు పంపే ఒక్కో అంకెను మాత్రం కస్టమ్స్, జీఎస్టీ, షిప్పింగ్ లైను, బ్యాంకు, అవతలి దేశపు కస్టమ్స్, ఇంతమంది విడివిడిగా చూస్తారు. ఒకరి దగ్గర ఉన్నదీ ఇంకొకరి దగ్గర ఉన్నదీ కలవకపోతే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. సరుకో డబ్బో ఆగిపోతుంది, అంతే. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని స్క్రీన్లున్నాయన్నది తర్వాత. బయటికి వెళ్ళే ప్రతి అంకెకూ మీ ఫ్యాక్టరీలో ఒక మనిషి ఉండాలి. అది తప్పయితే “నేను పెట్టాను” అనే మనిషి.

ఇన్‌వాయిస్ నంబరే తీసుకోండి. ట్యాలీలో మీ పెద్దాయన “ఎంపీ/041/25-26” అని రాస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తాను “ఎంపీ-41/2526” అని పుట్టిస్తుంది. మనిషి కంటికి రెండూ ఒకటే. సీహెచ్‌ఏ షిప్పింగ్ బిల్లులో ఒకటి కొడతారు, అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో 6ఏ పట్టికలో ఇంకొకటి వెళ్తుంది. మీరు ఎగుమతి మీద జీఎస్టీ (ఐజీఎస్టీ) కట్టి రీఫండ్ తీసుకునేవాళ్ళయితే అక్కడే ఎస్‌బీ005 అనే ఎర్రర్ పడి రీఫండ్ ఆగిపోతుంది. సరిదిద్దాలంటే తర్వాతి రిటర్న్‌లో 9ఏ పట్టికలో సవరణ పెట్టాలి. ఇదంతా ఒక సున్నా, ఒక గీత కోసం! ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, గీతా ఏటవాలు గీతా తప్ప వేరే గుర్తులు ఉండకూడదు, బిల్లును ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ అయితే సున్నాతో మొదలయ్యే నంబరును తీసుకోదు. ఈ నియమాలన్నీ బెంగళూరు కుర్రాళ్ళకు తెలుసనుకోకండి. తెలిసినవాళ్ళు కూడా వేరే ఫ్యాక్టరీ కోసం రాసిన ప్రోగ్రామునే మీకూ పెడతారు.

సరుకు ఏదో కస్టమ్స్‌కు చెప్పే హెచ్‌ఎస్ కోడ్ సంగతీ అంతే. మామిడి గుజ్జుకు మన టారిఫ్‌లో 0804 50 40 అని విడిగా ఉంది. తయారీ మారితే, చక్కెర కలిపితే 20వ అధ్యాయం మాట వస్తుంది. మొదటి ఆరంకెలు ప్రపంచమంతటికీ ఉమ్మడి, చివరి రెండూ మనవి. ఈ ఎంపిక మీద అవతలి దేశంలో సుంకం, ఇక్కడ రోడ్‌టెప్ (ఎగుమతిదారుకు పన్నులు తిరిగిచ్చే పథకం) రేటు ఆధారపడి ఉంటాయి. కాబట్టి డ్రాప్‌డౌన్‌లోంచి ఎవరు పడితే వారు ఎంచుకునేలా పెట్టనివ్వవద్దు. సరుకు మాస్టర్‌లో (సరుకుల మూల జాబితాలో) ఒకసారి పెట్టి తాళం వేయాలి. ఆ నిర్ణయం యజమానిది, సలహా సీహెచ్‌ఏది. మీది కాదు. ఇది రాతపూర్వకంగా ఉండనివ్వండి.

మిగతావి త్వరగా చెప్తాను. డ్రమ్ముల లెక్కలో అమ్మినా షిప్పింగ్ బిల్లులో కిలోలే వెళ్ళాలి, ఆ మార్పిడి స్టోర్స్ వాళ్ళది. కంటైనరు తూకం, అంటే వీజీఎం, డిస్పాచ్ వాళ్ళది. 2016 జూలై 1 నుంచి అది లేకుండా కంటైనరును ఓడ ఎక్కించరు. మారకపు రేటు విషయంలో జాగ్రత్త. షిప్పింగ్ బిల్లుకు కస్టమ్స్ నెలకు రెండుసార్లు ప్రకటించే రేటు, లెడ్జరుకు బ్యాంకు రేటు. సాఫ్ట్‌వేర్‌లో ఒకే గడి పెట్టి రెంటికీ వాడేస్తే మీ పెద్దాయన ట్యాలీ వదలనందుకు కారణం దొరికినట్టే.

140 పేజీల మీద సంతకం పెట్టకండి. చదవమని కూడా నేను చెప్పను. చదివితే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తాయి. దానికి బదులు మీ బీరువాలోంచి మూడు పాత ఫైళ్ళు తీయండి. ఒకటి ఏ గొడవా లేకుండా వెళ్ళిన షిప్‌మెంటు. రెండోది చివరి నిమిషంలో డ్రమ్ములు తగ్గిపోయి షిప్పింగ్ బిల్లు సవరించాల్సి వచ్చింది. మూడోది మీరు తలుచుకుంటే ఇప్పటికీ చెమట పట్టేది, కొనుగోలుదారు క్వాలిటీ క్లెయిమ్ పెట్టి క్రెడిట్ నోటు దాకా వెళ్ళింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళను పిలిచి, “ఈ మూడూ మీ సిస్టమ్‌లో నా కళ్ళ ముందు చేసి చూపించండి, కాగితాలు వచ్చినవి వచ్చినట్టు ఈ ఫైలు పక్కన పెట్టి చూస్తాను” అనండి. మొదటిది అరగంటలో అయిపోతుంది. రెండోదాని దగ్గర “ఇది ఫేజ్ టూలో చేస్తాం మేడమ్” అంటారు. ఆ మాట వినిపించిన ప్రతి చోటా ఆగి, పేజీ నంబరు, తేదీ రాయించుకోండి. సంతకం దాని మీద పెట్టండి.

ఈ పరీక్షలన్నీ సాండ్‌బాక్స్‌లోనే, అంటే నిజమైన పోర్టల్‌కు ఏమీ పోని ప్రయోగపు చోటే చేయమనండి. మీ ఫ్యాక్టరీ టర్నోవర్ 5 కోట్లు దాటి ఉంటుంది కాబట్టి ఎగుమతి బిల్లుకు కూడా ఈ-ఇన్‌వాయిస్ తప్పదు. నిజమైన పోర్టల్‌లో ఒకసారి నంబరు పుట్టిందంటే 24 గంటల్లోపే రద్దు చేసుకోవాలి, రద్దు చేసినా ఆ ఇన్‌వాయిస్ నంబరు మళ్ళీ వాడటానికి లేదు. “ఊరికే ఒకటి కొట్టి చూద్దాం” అనేది ఇక్కడ పనికిరాదు. అలాగే, పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కన నడుపుదాం అంటారు. బ్యాచ్ రికార్డులకూ ప్యాకింగ్ లిస్టుకూ అది మంచిదే. ఇన్‌వాయిస్ మాత్రం ఒక్క చోటి నుంచే రావాలి. పాత నంబరుతో షిప్పింగ్ బిల్లు వేసిన సరుకు పాత దారిలోనే చివరిదాకా పోవాలి. బుకింగ్ నుంచి కొత్తగా మొదలైనదే కొత్త దారి.

ఫ్యాక్టరీ లోపలి సంగతి మీ ఉత్తరంలో లేదు కానీ, సాఫ్ట్‌వేర్ చతికిలపడేది ఎక్కువగా అక్కడే. సాఫ్ట్‌వేర్ వాళ్ళ బొమ్మలో ఒక రైతు, ఒక లోడు, ఒక బ్యాచ్ ఉంటాయి. మీ దగ్గర సోమవారం దిగిన కాయ మాగడానికి గదిలోకి పోతుంది, కొన్ని రోజుల తర్వాత గుజ్జవుతుంది. ఆలోగా పది మంది రైతుల కాయ ఒకే వరుసలో కలిసిపోతుంది. ట్యాంకులో నిన్నటి గుజ్జు కాస్త మిగిలి ఇవాళ్టి బ్యాచ్‌లో కలుస్తుంది. కాబట్టి రైతునూ డ్రమ్మునూ నేరుగా కలిపేయమంటే కుదరదు. మధ్యలో మాగబెట్టిన వరుసకు ఒక నంబరు కావాలి. ఏ రోజు ఏ లోడ్లు ఆ వరుసలోకి పోయాయి, ఏ వరుస ఏ బ్యాచ్‌కు వెళ్ళింది, ఆ రెండు లంకెలుంటే చాలు.

ఇది ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, యూరప్‌లో ఆహార చట్టం 178/2002లోని 18వ అధికరణం ప్రకారం మీ దగ్గర కొనేవాళ్ళు సరుకు ఎవరి దగ్గర కొన్నదీ ఎవరికి అమ్మినదీ చూపించాలి. అందుకని వాళ్ళు మిమ్మల్నీ అడుగుతారు. బీఆర్‌సీ అనే ఆహార భద్రతా ప్రమాణం ఆడిట్ ఉన్న ఫ్యాక్టరీ అయితే నాలుగు గంటల్లో ఒక డ్రమ్ము జాతకం మొత్తం తీసి చూపాలి. పురుగుమందుల అవశేషం పరిమితి దాటిందని ల్యాబ్ రిపోర్టు వస్తే ఏ తోట కాయో పట్టుకోవాల్సింది ఈ లంకెతోనే. రైతు లెక్కకు ఇంటి దగ్గరా అవసరం ఉంది. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం అని ప్రకటించినప్పుడు, ఎవరు ఎంత తోలారన్న లెక్క వేబ్రిడ్జి దగ్గర ఎంత ముఖ్యమో అందరికీ తెలిసొచ్చింది.

అయితే ఫిల్లింగ్ దగ్గర నిలబడే మనిషి వేళ్ళకు గుజ్జు అంటుకుని ఉంటుంది, టచ్ స్క్రీన్ పలకదు. అక్కడ ముందే ప్రింటు తీసిన బార్‌కోడ్ లేబుళ్ళ చుట్ట, చేత్తో పట్టుకునే స్కానరు ఒకటి పెట్టండి. ఈ సీజన్ అంతా నోటు పుస్తకమే ఉండనివ్వండి. కాకపోతే ఇప్పుడే అందులో గళ్ళు మార్చేయండి. మాగబెట్టిన వరుస నంబరుకు ఒక గడి, బ్యాచ్‌కు ఒక గడి. జూన్‌లో అలవాటైన గడి సెప్టెంబరులో స్క్రీన్ మీద కనిపిస్తే ఎవరూ గింజుకోరు.

సీహెచ్‌ఏ గారి ఎక్సెల్ గురించి గొడవ పడకండి. ఆయనకు రోజూ మీలాంటి ఎక్స్‌పోర్టర్లు ఎందరో, ఒక్కొక్కరి సాఫ్ట్‌వేర్‌లోకీ లాగిన్ అయి చూడమంటే చూడరు. ఆయన అడిగే నమూనాలోనే ఎక్సెల్ కొత్త సాఫ్ట్‌వేర్‌లోంచి దిగేలా చేయించండి. ఆయనకేమీ మారదు. మీకు మారేదల్లా, ఆ షీటులో చేత్తో కొట్టే గడి ఒక్కటీ ఉండకపోవడం. ఆయన ఫైల్ చేయబోయే షిప్పింగ్ బిల్లు చెక్‌లిస్టు మాత్రం తప్పకుండా తెప్పించుకుని, మీ ఇన్‌వాయిస్‌తో పోల్చి, “ఓకే” అని మెయిల్ పెట్టాకే సబ్మిట్ చేయమనండి. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టడం చాలదు.

టోకెన్ ఇవ్వకండి. ఇందులో రెండో మాట లేదు. డిజిటల్ సంతకం కీ తన అదుపులో ఉంచుకునే బాధ్యత దాని యజమానిదేనని ఐటీ చట్టం చెప్తుంది. పరీక్ష చేయాలంటే యజమాని గారి ఎదురుగా, ఆయన కంప్యూటర్‌లోనే, ఆయన పిన్ ఆయనే కొట్టాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అందరికీ ఒకటే ఉండకూడదు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే ఎడిట్ లాగ్ ఉండి తీరాలి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆఫ్ చేసే బటన్ ఉందా అని అడగండి. ఉంది అంటే ఆ వార్త ముందు పెద్దాయనకు చెప్పండి, మీ పక్షాన మాట్లాడతారు.

ఒప్పందం మీ చేతిలో లేకపోయినా రెండు మాటలు అబ్బాయి గారి చెవిన వేయండి. ఒకటి, చివరి వాయిదా డబ్బు. సాఫ్ట్‌వేర్ మొదలైన రోజున కాకుండా, దానిలోంచి వెళ్ళిన మొదటి కంటైనరుకు లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (కస్టమ్స్ ఎగుమతి అనుమతి) వచ్చి, షిప్పింగ్ లైను ఈజీఎం (ఓడలో వెళ్ళిన సరుకు జాబితా) వేసి, మీ రీఫండ్ బ్యాంకులో పడ్డ రోజున ఇవ్వాలి. కొనుగోలుదారు డబ్బు పంపి, అది అందిందనే బ్యాంకు సర్టిఫికెట్ ఈ-బీఆర్‌సీ వచ్చేదాకా ఆపుతామంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒప్పుకోరు, అది న్యాయం కూడా కాదు. రెండు, రూలు మారినప్పుడు మార్పులు ఎవరి ఖర్చు? 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినట్టు రేపు ఇంకేదో మారుతుంది. చట్టం వల్ల వచ్చే మార్పు ఏడాది మెయింటెనెన్స్‌లోనే, ఇన్ని రోజుల్లోపు చేయాలని రాసుకోకపోతే ప్రతిసారీ కొత్త కొటేషన్ వస్తుంది.

ఇక జీతం. అడగండి, ఒప్పుకున్నాక కాదు, ఇప్పుడే. రోజువారీ కాగితాలూ మీవే, ప్రాజెక్టూ మీదే అంటే రెండూ పాడవుతాయి. అందుకని ముందు మనిషిని అడగండి. ప్యాకింగ్ లిస్టులు, కొరియర్లు, బ్యాంకు పనులు చూసే ఒక అమ్మాయినో అబ్బాయినో పని మొదలయ్యే ముందే ఇస్తే, మీరు నేర్పుకుంటారు. తర్వాత ఒక ఉత్తరం అడగండి, కంపెనీ లెటర్‌హెడ్ మీద. కాగితాలు కలవడం లేదని మీరు చెప్తే కొత్త సిస్టమ్‌లోంచి కంటైనరు కదలకూడదని అందులో ఉండాలి. అబ్బాయి గారు చెప్పినా సరే. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం బాధ్యత ఉండి అధికారం లేకపోవడమే అనుకుంటాను. ఆ ఉత్తరం వస్తే చాలావరకు పడుతుంది. అలవెన్సు ఎంతో, ఏ నెల నుంచో కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి. “సీజన్ అయ్యాక చూద్దాంలేమ్మా” అంటే, నవ్వుతూనే, తేదీ వేయమనండి సార్ అని పెన్ను అందించండి.